వాటర్‌ఫర్డ్ ఓట్స్, మన తాలింపు

ఐర్లండులో వాటర్‌ఫర్డ్ నుంచి డుంగార్వన్ దాకా పాత రైలుకట్ట మీద 46 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. ఆ దారిలో కిల్‌మక్‌థామస్ అనే చిన్న ఊరు తగులుతుంది. ఎనిమిది కమానుల రాతి వంతెన, దాని కింద కొమెరా కొండల్లోంచి దిగివచ్చే మాహన్ నది, ఆ నది ఒడ్డునే ఫ్లాహవన్ వారి మిల్లు. 1785 నుంచి ఆ కుటుంబం అక్కడ ఓట్స్ ఆడిస్తూనే ఉంది. గింజ మీంచి తీసిన పొట్టునే బాయిలర్‌లో కాల్చి, ఆ ఆవిరితో గింజను ఉడికిస్తారు. వృథా అంటూ ఏమీ పోదు.

ఆ ఆవిరి పట్టడానికి కారణం ఉంది. మిగతా ధాన్యాలతో పోలిస్తే ఓట్స్‌లో కొవ్వు ఎక్కువ. పొట్టు తీసిన గింజను అలాగే వదిలేస్తే అందులోని ఎంజైము ఆ కొవ్వును విరగ్గొట్టి చేదెక్కిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము పనిచేయదు. అంటే మనం సూపర్‌మార్కెట్‌లో కొనే ఓట్స్‌కు ముందే ఒకసారి వేడి తగిలి ఉంటుంది. పొయ్యి వెలిగించకుండా నానబెట్టుకుని కూడా తినగలుగుతున్నది అందుకే. కార్క్ జిల్లా మక్రూమ్‌లో వాల్టన్ మిల్లు వాళ్లు ఇంకా పాత పద్ధతిలో గింజను దోరగా వేయించి తిరగళ్లలో విసురుతారు. ఆ పిండి వండుతుంటే వచ్చే కమ్మటి వాసన వేరే ఏ ఓట్స్‌కూ రాదు.

ఐర్లండు చలికీ తేమకీ గోధుమ కంటే ఓట్స్ బాగా ఒదుగుతాయి. అందుకే బంగాళాదుంప రాకముందు ఇక్కడి సామాన్యుడి కడుపు నింపింది ఇవే. పూర్వం పిల్లల్ని వేరే ఇళ్లలో ఉంచి పెంచే ఆచారం కూడా ఇక్కడ ఉండేది. ఏ అంతస్తు పిల్లాడికి ఏ జావ పెట్టాలో పాతకాలపు ఐరిష్ చట్టాలైన బ్రెహన్ చట్టాల వ్యాఖ్యానాల్లో రాసిపెట్టారు. రాజు కొడుక్కి పాలల్లో గోధుమ జావ, పైన తేనె. దొర కొడుక్కి బార్లీ జావ, తాజా వెన్న. పేదింటి పిల్లాడికి నీళ్లలోనో మజ్జిగలోనో ఓట్స్ జావ. మన అంబలి లాంటిదే ఆ పేద జావ. ఈనాటి పోషకాహార నిపుణులను అడిగితే ఆ మూడింట్లో దానికే ముందు పీట వేస్తారు. 1840లలో బంగాళాదుంపకు తెగులు సోకి లక్షలమంది ఆకలితో చనిపోతున్నప్పుడు కూడా ఈ నేలలో పండిన ఓట్స్ ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లాయి. ఈ గింజ గురించి రాస్తూ ఆ మాట చెప్పకుండా దాటేయడం నాకు న్యాయం అనిపించదు.

ఇక ఒంటికి చేసే మేలు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంది. జావ జిగురుగా చిక్కబడేది దానివల్లే. పేగుల్లో కూడా అది అలాగే చిక్కబడి, జీర్ణానికి కాలేయం పంపిన పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. తగ్గిన పైత్యరసాన్ని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే చెడు కొలెస్టరాల్ కొంత తగ్గుతుంది. ఈ సంగతిని ప్యాకెట్ మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతించింది, తర్వాత యూరప్ కూడా ఒప్పుకుంది. ఆ 3 గ్రాములకు సుమారు 75 గ్రాముల ఓట్స్ కావాలి. తగ్గేది ఐదారు శాతం. డాక్టరు రాసిన స్టాటిన్ మానేయడానికి అది సరిపోదు, మాత్రకు తోడుగా మాత్రం బాగా పనికొస్తుంది.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఏ రకం కొంటున్నారో చూసుకోవాలి. గింజను రెండు మూడు ముక్కలుగా నరికితే పిన్‌హెడ్. గింజను అలాగే ఆవిరి పట్టి అదిమితే జంబో ఓట్స్. సన్నగా నలిపి రెండు నిమిషాల్లో ఉడికేలా చేస్తే ఇన్‌స్టంట్. గింజ ఎంత నలిగితే రక్తంలో చక్కెర అంత త్వరగా పెరుగుతుంది. పళ్ల రుచులు కలిపిన చిన్న ప్యాకెట్లలో చాలావాటికి పంచదార కూడా చేరుతుంది. వాటిని కొనమని నేను ఎవరికీ చెప్పను.

డబ్లిన్‌లో మనవాళ్ల ఇళ్లలో నాకు బాధ కలిగించే అలవాటు ఒకటుంది. పొద్దున్నే పాలల్లో ఓట్స్ తాగుతారు. నోటికి రుచించక, పది గంటలకు మళ్లీ ఇడ్లీయో దోసో తింటారు, మధ్యాహ్నం అన్నం మామూలే. 40 గ్రాముల ఓట్స్‌లోనే పాతిక గ్రాముల దాకా పిండిపదార్థం ఉంది. అన్నానికి బదులు తింటేనే మేలు, అదనంగా తింటే బరువే. దక్షిణాసియా వాళ్లకు సన్నగా ఉన్నా గుండె జబ్బూ మధుమేహమూ త్వరగా వస్తాయి కనుక, ఇది మనం పట్టించుకోవాల్సిన విషయం.

నోటికి రుచించాలంటే మన వంటలోకి తెచ్చుకోవాలి. పిన్‌హెడ్ ఓట్స్ ఒకటికి నాలుగు నీళ్లు పోసి రాత్రి నానబెట్టండి. పొద్దున సన్న సెగ మీద పావుగంట ఉడికితే గింజ మెత్తబడి, కొరికితే ఇంకా పలుకు తగులుతూ ఉంటుంది. చల్లారాక ఉప్పు, పలుచటి మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి, మాగాయ ముక్క నంజుకోండి. ఉప్మాకైతే జంబో ఓట్స్ పొడిగా వేయించి, ఆవాలు, సెనగపప్పు, కరివేపాకు తాలింపులో క్యారెట్, బఠాణీ మగ్గాక వేసి, నీళ్లు చిలకరించి మూతపెట్టాలి. నీళ్లు ఎక్కువైతే ముద్దయిపోతుంది. నానిన పెసలు రుబ్బేటప్పుడు గుప్పెడు ఓట్స్ కలిపితే అట్టు కరకరలాడుతుంది. నైట్ డ్యూటీ చేసే నర్సమ్మలకు సులువైనది ఇంకొకటి: డబ్బాలో జంబో ఓట్స్, పెరుగు కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసుకోవడం. ఆగస్టు చివర్లో ఊరి బయట కంచెల మీద పండే బ్లాక్‌బెర్రీలు పైన వేసుకుంటే ఇంకేం కావాలి!

గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న సంచీనే కొనాలి, మామూలు ఓట్స్‌లో గోధుమ, బార్లీ కలిసే అవకాశం ఉంది. వాళ్లలోనూ కొద్దిమందికి ఓట్స్ పడవు కనుక డాక్టర్ని అడిగి మొదలుపెట్టడం మంచిది. పీచు అలవాటు లేనివాళ్లు కొద్దికొద్దిగా పెంచుకుంటూ, నీళ్లు బాగా తాగితే కడుపుబ్బరం ఉండదు.

రోజుకు ఒక పూట అన్నం మాని ఆరు వారాలు ఇలా తినండి. మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి మీ జీపీ దగ్గర రక్తపరీక్ష చేయించుకుని కొలెస్టరాల్ అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.