ఉప్పుగాలిలో బులెట్

మైపాడు గాలికి ఇనుము నిలవదు. మా నాయన బులెట్‌ని కొట్టంలోంచి బయటికి లాగితే మడ్‌గార్డు పొరలు పొరలుగా చేతికి ఊడొచ్చింది. పిస్టన్ పట్టేసింది. ప్లగ్గు తీసి, కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోసి వారం రోజులు వదిలేశాం. ఎనిమిదో నాడు మెకానిక్ టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని మెల్లగా ఊపాడు. లోపల ‘టక్’మంది. నాకు ఒళ్ళు జలదరించింది.

గ్రీజు తుడుస్తుంటే ఇంజన్ నంబరు బయటపడింది. అక్కణ్ణుంచి దాని పుట్టుపూర్వోత్తరాల వేట. 1955లో మద్రాసులో బులెట్లు తయారుచేసే ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మొదట్లో ఇంగ్లండులోని రెడిచ్ నుంచి వచ్చిన భాగాలనే ఇక్కడ బిగించేవాళ్ళు. ఇంగ్లండులో ఈ బండికి పేరు తెచ్చింది ట్రయల్స్ పోటీలు. వాటిలో వేగంతో పనిలేదు. రాళ్ళూ, వాగులూ, బురదా దాటాలి. కాలు నేలకి ఆనిందా, మార్కులు పోతాయి. స్కాట్లండు ఆరు రోజుల ట్రయల్‌ని జానీ బ్రిటన్ 1952లోనూ, 1957లోనూ బులెట్ మీదే గెలిచాడు.

సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90. అందుకే తక్కువ వేగంలోనూ దమ్ము తగ్గకుండా లాగుతుంది. చిన్నప్పుడు ట్యాంకు మీద కూర్చుని చూసింది ఇప్పుడర్థమవుతోంది: సముద్రపుటొడ్డున మెత్తటి ఇసకలో, వెనక చేపల బుట్టతో, నాయన ఒక్కసారైనా కాలు కింద పెట్టేవాడు కాదు.

ట్యాంకుకి కొత్త రంగు వేయించాను. ఆయన మోకాళ్ళు ఒరుసుకుని అరిగిన చోట మాత్రం వేయనివ్వలేదు.