పండుగ సెలవులు – పుస్తక ప్రియులు

పండుగనాడు చేతిలో పుస్తకం కనబడితే "ఈ పూట కూడా చదువేనా?" అని పెద్దలు నవ్వడం మా అందరి ఇండ్లలోనూ ఉన్నదే. పాఠ్యపుస్తకం విషయంలో ఆ నవ్వు సమంజసమే. కాని ఇష్టపడి చదివే పుస్తకానికీ పండుగకూ వైరం లేదు. షీర్ ఖుర్మా వలె, బొబ్బట్ల వలె అది కూడా నలుగురితో పంచుకొన్నప్పుడే అధికంగా రుచిస్తుందని మా అనుభవం.

రంజాన్ పండుగకు పెద్దలిచ్చే ఈదీలో కొంత దాచుకొని, తరువాతి ఆదివారం హైదరాబాదులోని ఆబిడ్స్‌కు వెళ్లడం మా మిత్రబృందానికి ఆనవాయితీ. అచ్చటి కాలిబాటలపై ఆనాడు పాత పుస్తకాలు బారులు తీరుతాయి. ఉర్దూ నవల ప్రక్కనే తెలుగు కథల సంపుటి, దాని మీద ఎవరి పేరో వ్రాసియున్న నిఘంటువు! బేరమాడడంలో ఒక ఆనందం, దొరకదనుకొన్నది దొరకడంలో మరొక ఆనందం. మా నియమం ఒక్కటే: ఏ ఇద్దరూ ఒకే పుస్తకం కొనరాదు. నలుగురం నాలుగు కొంటే, సెలవులు ముగిసేలోగా ఒక్కొక్కరం నాలుగేసి చదువుతాము.

చదివినది గుర్తున్నదో లేదో తేల్చేది బైత్‌బాజీ. ఒక పక్షం చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిసినదో, ఆ అక్షరంతో మొదలయ్యే షేర్‌ను రెండవ పక్షం చదవాలి. ఎన్నో గజళ్లు "హై" అనే మాటతో ముగుస్తాయి. అందుచేత "యే" అక్షరంతో మొదలయ్యే షేర్లను ముందే కూడబెట్టుకొన్నవారిదే విజయం. దసరా సెలవులలో తెలుగు మిత్రుల ఇండ్లలో ఇదే ఆటను పద్యాలతో ఆడినాము. వేమన పద్యం చదివితే ఎదుటివారికి మిగిలేది "మ" అక్షరమే. సుమతీ శతకం చదివితే "త". భాషలు రెండైనా చిక్కు ఒక్కటే, నవ్వులూ ఒక్కటే.

పండుగకు చదువు తోడు కావడం మన నేలకు క్రొత్త కాదు. ఆంధ్రపత్రిక 1910లోనే ఉగాది సంచికను వెలువరించింది. పిండివంటలతోపాటు కథలు, పద్యాలు, వ్యాసాలు కూడా పండుగ సంభారాలేనని ఆనాటి సంపాదకులు గుర్తించారు. విజయవాడలో 1989లో ఆరంభమైన పుస్తక మహోత్సవం పుస్తకం పేరిటనే ఒక తిరునాళ్లను నెలకొల్పింది.

అయితే ఈ ఆనందం అందరికీ అందుతున్నదా? మా తరగతిలో ఒక మిత్రురాలి ఇంట పాఠ్యపుస్తకాలు తప్ప వేరు పుస్తకం లేదు. ఆమెకు వచ్చే ఈదీ చెల్లెలి చెప్పులకే చాలదు. కళాశాల జరిగే దినాలలో గ్రంథాలయమే ఆమె సంపద. తీరిక దొరికే సెలవులలో మాత్రం దానికి తాళం పడుతుంది. గడచిన దసరాకు మేమిచ్చిన ఒక్క నవలనే ఆమె మూడుసార్లు చదివింది. మూడవసారి చదువుతూ, అందులోని వంటలన్నింటినీ ఒక కాగితంపై వ్రాసి మాకు చూపింది. మేము నవ్వినాము. తరువాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

హైదరాబాదులో 1891లో ఆసఫియా గ్రంథాలయమూ, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమూ వెలసినది కొనుక్కొనే శక్తి లేనివారికి కూడా పుస్తకం చేరవలెననియే కదా! ఉర్దూనూ తెలుగునూ ఒకే కప్పు క్రింద చదువుకొనే మాకు ఆ రెండూ ఆదర్శాలే.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా వినయపూర్వక మనవి ఒకటున్నది. సెలవులలో వారానికి రెండు పూటలైనా గ్రంథాలయాన్ని తెరిపించండి. అది సాధ్యం కాకున్న, సెలవులకు ముందు ఒక్కొక్క విద్యార్థికి నాలుగు పుస్తకాలు ఇంటికి తీసికొనిపోయే అనుమతి దయచేయండి. వంతులవారీగా కూర్చొని పుస్తకాలు ఇచ్చి పుచ్చుకొనే పని మేము చేస్తాము. చిరిగిన అట్టలు మేమే అతికిస్తాము.

విద్యార్థి మిత్రులారా! రాబోయే పండుగకు మీరు చదివి ముగించిన పుస్తకం ఒకటి వెంట తెచ్చి, చదవనివారి చేతిలో పెట్టండి. బైత్‌బాజీలో మన ఎదుటి పక్షం బలపడుతుంది. ఆట అప్పుడే రక్తి కడుతుంది.