ఇల్లు వదలని సాలీళ్ళు

మొన్న ఆదివారం సంగారెడ్డిలో మా ఇంటి వెనక సర్కారు తుమ్మ కంచెకి పట్టిన బూజు దులుపుదామని నాన్న కర్ర పట్టుకుని బయల్దేరాడు. నేనూ వెనకే వెళ్ళాను. తీరా చూస్తే అది బూజు కాదు. ఎండుటాకులు, పురుగుల పెంకులు కలిపి నేసిన కొబ్బరికాయంత గూడు, నిండా రంధ్రాలు. పుల్లతో కదిపితే ఆరేడు సాలీళ్ళు ఒకేసారి బయటికొచ్చాయి!

సాలీడంటే ఒంటరి ప్రాణి, పక్కది కనిపిస్తే తినేస్తుంది అనే కదా మనకి తెలిసింది. ఫ్రెండ్స్ నన్ను సాలీడనేది కూడా అందుకే (ఇంటి నుంచే పని, మూల కూర్చుని నెట్‌లో ఉంటాను మరి :)).

వీటి పేరు స్టెగోడిఫస్ సారసినోరం. యాభై వేల పైచిలుకు సాలీడు జాతుల్లో ఇలా జీవితాంతం కలిసుండేవి ఓ పాతిక, అంతే. మన కుప్పం దగ్గర వీటిమీద చేసిన పరిశోధన ఒకటి 2013లో అచ్చయింది. వేటకి అన్నీ ఎగబడవట, ధైర్యం ఎక్కువున్నవే ముందుకెళ్తాయట. తిండికి మాత్రం మిగతావీ వస్తాయి. (అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచేదెవరో మీ టీములోనూ తెలిసే ఉంటుంది.)

తేనెటీగల్లా వీటికి రాణి లేదు. మరి ఎలా కలిశాయి? అసలు కలవలేదు! చాలా జాతుల్లో తల్లి కొన్నాళ్ళు సాకాక పిల్లలు ఎవరి దారిన అవి పోతాయి. వీటి పూర్వీకుల్లో పిల్లలు పోవడం మానేశాయి, అంతే. ఆఫ్రికాలోని దాయాదులు రెండు విడివిడిగా ఇదే దారి పట్టాయి.

దీనికి ఖరీదు ఉంది. తోబుట్టువులే జతకడతాయి, తరాల తరబడి. కొత్త రక్తం దాదాపు రాదు. ఇక తల్లి... తిన్నది కక్కి పిల్లలకి పెడుతుంది, చివరికి తన ఒళ్ళే ఇచ్చేస్తుంది. తినేస్తాయి. ఇది చదువుతుంటే అమ్మ అడక్కుండానే మూడో అట్టు తెచ్చి పళ్ళెంలో వేసింది. ఫోను పక్కన పెట్టేశాను.

నాన్న పటాన్‌చెరులో ముప్ఫై ఏళ్ళు షిఫ్టులు చేసి పోయినేడు రిటైరయ్యాడు. నాకు డబ్లిన్ నుంచి ఆఫరొచ్చి మూడు వారాలైంది. ఇంట్లో చెప్పలేదు. వద్దంటారని కాదు. అనరు, అదే బాధ. ఆ సాలీళ్ళలోనూ అప్పుడప్పుడు ఒక ఆడది గూడు వదిలి పక్క కొమ్మకి పోతుంది, కానీ పక్క కొమ్మ వేరు, డబ్లిన్ వేరు.

"ఎన్ని దినాలు ఉంచాలె రా దీన్ని?" అన్నాడు నాన్న, కర్ర గోడకి ఆనించి.

"ఉండనీ నాన్నా, ఏం చేస్తాయి పాపం."

"సరే, నువ్వు పొయ్యేదాక ఉండనియ్."

ఎక్కడికి పోయేదాకా అని అడగలేదు నేను. శుక్రవారంలోపు వాళ్ళకి జవాబివ్వాలి.