స్వస్థత వచ్చాక కూడా మాత్ర ఎందుకు?



ప్రార్థన చేసి, రిపోర్టు బాగా వచ్చాక కూడా మాత్ర వేసుకుంటే అది అవిశ్వాసమా? ఈ మధ్య మమ్మల్ని ఈ ప్రశ్న అడుగుతున్నారు. దీర్ఘకాలం మందు వాడాల్సిన ఒక జబ్బును తీసుకుని దీని గురించి ఆలోచిద్దాం.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా ఒక రక్త క్యాన్సర్. డాక్టర్లు సీఎంఎల్ అంటారు. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు తయారవుతుంది. దానివల్ల తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. ఆ జన్యువు చేసే చెడు పనికి అడ్డుపడే మాత్ర ఇమాటినిబ్. 2001లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు దాని పేటెంటు కేసులో కంపెనీ వాదన తోసిపుచ్చింది కాబట్టి, మన దేశంలో తయారయ్యే చవక మాత్రలు పేదవాళ్లకు అందుతూనే ఉన్నాయి.

మా సంఘంలో ఒక కౌలురైతు ఈ మాత్ర వాడుతున్నాడు. రక్తపరీక్ష మామూలుగా రాగానే, "అయ్యగారూ, దేవుడు బాగుచేశాడు, సాక్ష్యం చెప్పి మాత్రలు మానేస్తాను" అన్నాడు. "సాక్ష్యం చెప్పు తమ్ముడూ, మాత్ర మాత్రం డాక్టరు చెప్పేదాకా మానొద్దు" అన్నాం. అతను నొచ్చుకున్నాడు. "మీరే నమ్మకపోతే ఎలా?" అన్నాడు.

హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద వేయించాడు. ఆ ముద్ద ప్రార్థనకు అడ్డం రాలేదు. అతనికి అదే చెప్పాం.

మామూలు రక్తపరీక్షలో అంతా సర్దుకున్నట్టే కనిపిస్తుంది. లోపల మిగిలిన కాస్త జబ్బును పట్టేది పీసీఆర్ పరీక్ష. మొదట్లో దాన్ని మూడు నెలలకోసారి చేస్తారు. అంకె 0.1 శాతానికి, ఇంకా కిందికి దిగితే మంచి గుర్తు. తగ్గింది మళ్లీ పెరిగితే, మాత్రలు మధ్యలో మానారా, మందుకు లొంగని మార్పు వచ్చిందా అని చూసి, అవసరమైతే మందు మారుస్తారు. ఏళ్ల తరబడి అంకె బాగా కిందనే నిలిచిన కొందరికి డాక్టర్లే మాత్ర ఆపి చూస్తారు. అప్పుడు పరీక్షలు ఇంకా దగ్గర దగ్గరగా చేస్తారు. పెరిగితే మళ్లీ మాత్ర మొదలు.

మాత్ర మానేవాళ్లందరూ విశ్వాసం పేరుతోనే మానరు. కళ్లచుట్టూ వాపు, పిక్కలు పట్టేయడం, వికారం ఉంటాయి. పట్నానికి బస్సు ఖర్చు, ఆ రోజు కూలి పోవడం కూడా ఉన్నాయి. ఇబ్బంది ఉంటే డాక్టరుకు చెప్పాలి గాని చెప్పకుండా మానకూడదు. పిల్లలు కావాలనుకునే చెల్లెళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ఇందులో మనకూ పని ఉంది. అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో మాత్ర వేసుకున్నారో లేదో అడగండి. పరీక్ష తేదీ గుర్తుపెట్టుకుని తోడు వెళ్లండి. చేతిలో ఉంటే బస్సు చార్జీ ఇవ్వండి. వాళ్ల కోసం మోకరించిన మనం, వాళ్లతో ఆసుపత్రి వరుసలో నిలబడటానికి కూడా సిద్ధపడదాం.