మా పాత కారునకు క్రొత్త బ్రేకులు

మోటారుకారు బ్రేకులను గూర్చి వ్రాయుటకు ఈ పత్రిక తగిన చోటా యని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. వంట, పిల్లల పెంపకము, కుట్టుపని మొదలగు విషయముల నడుమ ఈ యినుప సామాను గొడవ యేల యని మీరు నవ్వినను తప్పులేదు. రెండు సంవత్సరముల క్రిందట మేమును అట్లే నవ్వియుందుము. కాని మా మనుమరాలి ప్రాణము, మావారి ప్రాణము, మా ప్రాణము ఒక్క క్షణము ఆ బ్రేకులమీదనే ఆధారపడిన దినము వచ్చెను. నాటినుండి మా యభిప్రాయము మారినది.

మా నివాసము మంచిర్యాల జిల్లాలోని రామకృష్ణాపూర్. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతము. 2016వ సంవత్సరము వరకు ఇది ఆదిలాబాదు జిల్లాలో నుండెడిది. మావారు గనిలో హాలేజీ యంత్రముల ఫిట్టరుగా ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి పొందినారు. భూమిలోపలి వాలుదారులపై బొగ్గు టబ్బులను ఉక్కుత్రాటితో లాగునదియే హాలేజీ. "లాగు యంత్రము చెడినచో పని నిలుచును, ఆపు యంత్రము చెడినచో మనిషి పోవును" అని వారు తరచుగా ననెడివారు. ఆ మాటను మేము వేయిమార్లు వింటిమి గాని, అది మా వాకిటిలోని కారునకును వర్తించునని మా యిద్దరిలో నెవరమును తలపలేదు.

ఆ కారు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అను పేర వెలువడిన బండిని, 1961 మొదలుకొని మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు మనదేశమున తయారుచేసిరి. దాని రూపము దిద్దినవాడు ఇటలీ దేశీయుడగు మికెలోట్టి. ఆ హెరాల్డ్ చట్రమునే కురుచచేసి ఇంగ్లండువారు 1962లో స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్సు కారును కట్టిరి. కావున మా బండి, పరుగులో పేరుపొందిన ఆ చిన్నదానికి అక్క వరుస యగును. అయితే అక్కకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. చెల్లెలికి ముందు చక్రములకు డిస్కు బ్రేకులు. మావారు 1984లో దీనిని పాతబండిగా కొన్నప్పుడు, పుట్టినింటివారు మాకు పెట్టిన రెండుపేటల గొలుసును అమ్మవలసి వచ్చెను. కావున ఆ బండిలో మాకును కొంత భాగము కలదు.

గత సంవత్సరము వేసవిలో ఒకనాటి సాయంకాలము మందమర్రి నుండి తిరిగి వచ్చుచుంటిమి. ఏడేండ్ల మనుమరాలు వెనుక సీటులో ఐసుఫ్రూటు తినుచుండెను. ముందు పోవుచున్న బొగ్గు లారీ హఠాత్తుగా నిలిచినది. మావారు బ్రేకు త్రొక్కిరి. పెడలు అడుగువరకు పోయినది గాని బండి ఆగలేదు. వారు నోరు మెదపలేదు. గేరు తగ్గించి చేతిబ్రేకు పట్టి లాగిరి. లారీకి మూరెడు దూరమున బండి నిలిచినది. మనుమరాలి చేతిలోని ఐసుఫ్రూటు ఎగిరివచ్చి మా యొడిలో పడినది. బండిని మరియొకదానికి త్రాటితో కట్టించి ఇల్లు చేర్చితిమి. ఆ రాత్రి మా యిద్దరికిని నిద్రపట్టలేదు.

మరునాడు విప్పిచూడగా కారణము తెలిసినది. పెడలు త్రొక్కినప్పుడు మాస్టరు సిలిండరులోని నూనె సన్నని గొట్టములగుండ చక్రములకడకు పోయి, బ్రేకు షూలను డ్రమ్మునకు అదుమును. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ యొత్తిడి అన్నివైపులకును సమానముగా ప్రాకునని పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పదునేడవ శతాబ్దముననే తెలిపెను. మా బండిలో ఆ నూనెకు దారి యొక్కటే. ముందు చక్రముకడ రూపాయి బిళ్ళకంటె చిన్నదగు రబ్బరు ఒకటి అరిగి నూనె కారిపోగా, నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కమారే పోయినవి. చేతిబ్రేకు నూనెతో గాక తీగతో పనిచేయునది గనుక మమ్ము కాపాడినది.

హైదరాబాదులోని మా కుమారుడు ఆ బండిని వెంటనే అమ్మివేయుడని ఫోనులో గట్టిగా చెప్పెను. మావారు బదులు పలుకక వాకిటిలోనికి పోయి బండి ప్రక్కన కూర్చుండిరి. ఉద్యోగము వీడిన పిదప వారికి ఉదయమున లేచి చేయదగిన పని ఆ బండి యొక్కటియే యని మాకు తెలియును. అమ్ముమనుటకు మాకు నోరు రాలేదు. ఉంచుమనుటకు ధైర్యము చాలలేదు. కడకు ఒక షరతు పెట్టితిమి. బండిని ఉంచుకొనవచ్చును గాని, అది తప్పక ఆగునని మాకు నమ్మకము కుదిరినప్పుడే మనుమరాలిని అందులో ఎక్కింతుము. వారి నమ్మకము చాలదు. మా నమ్మకము కావలెను. మావారు కొంతసేపు ఆలోచించి సరే యనిరి.

అక్క బండికి చెల్లెలి బ్రేకులు పెట్టవలెనని వారి సంకల్పము. డ్రమ్ము బ్రేకు గుండ్రని మూతపెట్టిన గిన్నె వంటిది. రాపిడివలన పుట్టిన వేడి లోపలనే చిక్కుకొనును. వేడికి డ్రమ్ము పెరిగి షూలకు దూరమగును, పెడలు మరింత క్రిందికి పోవును. డిస్కు అట్లు కాదు. చక్రముతో తిరుగు ఇనుప బిళ్ళను రెండువైపుల నుండి ప్యాడులు పట్టకారువలె పట్టుకొనును. బిళ్ళ గాలికి తెరచియుండుటచే వేడి త్వరగా పోవును, వాననీరు నిలువదు. ఈ వేడి సామాన్యమైనది కాదు. వేగము రెట్టింపైనచో ఆపుటకు బ్రేకులు మ్రింగవలసిన శక్తి నాలుగు రెట్లగును. ఇంగ్లండులో లాంచెస్టర్ అను నాతడు 1902లోనే ఇట్టి బ్రేకునకు హక్కుపత్రము పొందెను. 1953లో ఫ్రాన్సుదేశపు లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమున డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలిచిన పిదప లోకమునకు వాని విలువ తెలిసినది.

ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చుచు, స్పిట్‌ఫైర్ బండికి పనికివచ్చు డిస్కులు, వానిని పట్టు కాలిపర్లు, అవి బిగించు ఉక్కుకాళ్ళు పెట్టెలో పెట్టుకొని వచ్చెను. చీరలు తెచ్చునని యెదురుచూచిన మా కోడలు ఆ పెట్టె తెరచి నివ్వెరపోయినది. సామాను చూచి మేమొక ప్రశ్న వేసితిమి. బ్రేకులు ఎంత మంచివైనను నూనె దారి యొక్కటే యైనచో, మరల నొక రబ్బరు పోయినప్పుడు మరల అన్నియు పోవును గదా! మావారు కొంత తడవు మా వంక చూచి, ఆ మాట నిజమే యనిరి. అందుచే రెండు గదులు గల మాస్టరు సిలిండరును సంపాదించి, దానికి తగిన ఉక్కుపలక చేయించి అమర్చిరి. ఒక గది ముందు చక్రములకు, రెండవది వెనుక చక్రములకు. ఒకటి పోయినను రెండవది మిగులును. ఇట్టి మార్పునకు పూనుకొనువారు ముందుగా రవాణా కార్యాలయమున విచారించుట మంచిది. మావారు ఆ పని చేసిన తరువాతనే పానా పట్టిరి.

ఇక్కడ గృహిణులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి యున్నది. పాతకాలపు బ్రేకు షూలలో ఆస్బెస్టాసు, అనగా రాతినార, కలుపుచుండెడివారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము, కాన్సరునకును కారణమగును. కారు విప్పినవానికే గాక, వాని బట్టలు దులిపి ఉతికిన యింటి ఆడువారికిని ఆ కీడు సోకుచుండుటను వైద్యులు కనుగొనిరి. గని బట్టలను రాతిపై బాది బొగ్గుధూళి పీల్చిన మా కాలనీ స్త్రీలకు ఈ మాట సులభముగా బోధపడును. కావున డ్రమ్ములను ఊదరాదని, చీపురుతో తుడువరాదని ఆజ్ఞాపించితిమి. మావారు ముక్కునకు మంచి ముసుగు కట్టుకొని, తడిగుడ్డతోనే తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టిరి. పనిబట్టలను దులుపక నీటిలో ముంచి వేరుగా ఉతికితిమి. పని ముగియువరకు మనుమరాలికి వాకిటిలోనికి ప్రవేశము లేదు.

పిల్ల కిటికీకడ కూర్చుండి తాను చదివిన కథ యొకటి మాకు వినిపించినది. మొదటి మోటారుబండిని నిర్మించిన జర్మనీదేశపు కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, 1888 ఆగష్టులో భర్తకు ముందుగా చెప్పక, కుమారుల నిద్దరిని వెంటబెట్టుకొని మన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండిలో ప్రయాణము చేసెనట. ఇంధనపు గొట్టము పూడుకొనగా తన టోపీ సూదితో పొడిచి బాగుచేసెను. దిగుడుదారులలో కొయ్య బ్రేకులు అరిగిపోగా, దారిలో నొక చెప్పులు కుట్టువానిచే వానికి తోలు కొట్టించెను. నేటి బ్రేకు ప్యాడులకు అదియే మూలమని చెప్పుదురు. అది వినినప్పుడు మాకు ఈ పని పరాయిదిగా తోచలేదు.

సామాను బిగించుట ముగిసినది. ఇక గొట్టములలోని గాలి తీయవలెను. ఈ పని ఒంటరిగా చేయుట కష్టము. ఒకరు లోపల కూర్చుండి పెడలు త్రొక్కి పట్టవలెను. ఒకరు చక్రముకడ చిన్న మర తిప్పి గాలిని, నూనెను వెడలించి మరల బిగింపవలెను. మర బిగియకముందు పెడలు విడిచినచో గాలి మరల లోనికి పోవును. ఇన్నేండ్ల సంసారములో మావారు మా మాటకొరకు గాక మేము వారి మాటకొరకు ఎదురుచూచుట అలవాటు. ఆనాడు "త్రొక్కు", "పట్టు", "విడువు" అని వారు, "త్రొక్కితిని", "విడిచితిని" అని మేము, మధ్యాహ్నమంతయు బదులు పలుకుకొంటిమి. ఇరుగుపొరుగువారు ఏమి తగవో యని తొంగిచూచిరి.

మరునాడు కరీంనగరములో మా ఆడుబిడ్డ కుమార్తె వివాహము. ఆ పెండ్లికి హెరాల్డ్‌లో పోయి బంధువులకు చూపవలెనని మావారి ముచ్చట. రాత్రి యెనిమిది గంటలకు గాలి యంతయు పోయినదనిరి. కాని మా కాలిక్రింద పెడలు మెత్తగా నుండెను. తడిబట్టల మూటను త్రొక్కినట్లుండెను. ఆ మాట చెప్పితిమి. క్రొత్త బ్రేకులు మొదట నట్లే యుండునని వారు, ఉండరాదని మేము. నలువదేండ్లు యంత్రములతో గడపినవానికి నీవు చెప్పవచ్చితివా యని వారు కోపించిరి. మాకు కన్నీరు వచ్చినది గాని మాట మార్చుకొనలేదు. మా కాలు నమ్మలేదు, షరతు షరతే. తెల్లవారి బస్సులో పెండ్లికి పోయితిమి. పోవునప్పుడును వచ్చునప్పుడును మావారు కిటికీ వైపే చూచుచు కూర్చుండిరి.

రెండు దినముల తరువాత మరల పనికి పూనుకొంటిమి. ఈసారి దీపము పట్టుకొనుటకు మేము చక్రముకడ నిలిచితిమి. గాలి తీయు మరకొరకు మావారు నేలకు ఆని మరీ వంగుట చూచి, అది అంత అడుగున నేల యున్నదని అడిగితిమి. పప్పు ఉడుకునప్పుడు బుడగలు పైకి వచ్చును. గాలి పైకే పోవును గదా. పోవలసిన ద్వారము అడుగున నున్నచో అది యెట్లు వెడలును? మావారు పానా క్రింద పెట్టి చాలసేపు ఊరకుండిరి. కుడి యెడమ కాలిపర్లు కవలపిల్లలవలె నుండును. మసకచీకటిలో వారు కుడిదానిని ఎడమకు, ఎడమదానిని కుడికి బిగించిరి. మర పైన నుండుటకు బదులు అడుగున పడినది. ఎన్నిమార్లు త్రొక్కినను పైభాగమున గాలి మిగిలియే యుండెను. రెండింటిని మార్చి బిగించి మరల గాలి తీయగా, మా కాలిక్రింద పెడలు రాయివలె నిలిచినది. మావారు మెల్లగా, "పెండ్లికి దానిలో పోయియుంటిమేని..." అని అక్కడనే ఆపివేసిరి. అంతకంటె మాకును వినవలసిన అవసరము లేదు.

పిదప తొందరపడలేదు. పెడలును గట్టిగా త్రొక్కి పట్టి, ఎచ్చటనైన నూనె చెమ్మ యున్నదేమో యని గొట్టముల అతుకులన్నియు పరీక్షించితిమి. మొదట వాకిటిలో, తరువాత నిర్మానుష్యమైన వీధిలో నెమ్మదిగా నడపి ఆపితిమి. క్రొత్త ప్యాడులు బిళ్ళతో పొందుపడువరకు కొన్నాళ్ళు మెత్తగానే త్రొక్కవలెను. డ్రమ్ములకంటె డిస్కులకు కాలిబలము కొంత హెచ్చుగా కావలెను. ఇది లోపము కాదు, వాని స్వభావము. పదునైదు దినముల తరువాత మేమే మనుమరాలి చేయిపట్టి బండిలో కూర్చుండబెట్టితిమి. మందమర్రి దారిలో అదే చోట మావారు బ్రేకు త్రొక్కిరి. బండి తిన్నగా, ఏ ప్రక్కకును లాగక నిలిచినది. పిల్ల చేతిలోని ఐసుఫ్రూటు చేతిలోనే యుండెను.

సోదరీమణులారా! మీ యింట కారో, స్కూటరో యుండియే యుండును. దానిని నడుపువారు మీరు కాకున్నను అందు కూర్చుండువారు మీరు, మీ పిల్లలు. బ్రేకు నూనె మట్టము తగ్గినదా యని అడుగుడు. అది పేరునకు నూనెయే గాని, ఇంటిలోని ఏ నూనెయు దానికి బదులుగా పనికిరాదు. రబ్బరులు ఉబ్బి చెడును. వానకాలపు ఉప్పువలె అది గాలిలోని తేమను పీల్చును గనుక మూత బిగించి యుంచవలెను, నియమిత కాలమున మార్పింపవలెను. విషము గనుక పిల్లలకు అందనీయరాదు. పెడలు మునుపటికంటె క్రిందికి పోయినను, మెత్తబడినను, ఆ సంగతి తెలిసినవారితో చెప్పుడు. చెప్పినప్పుడు మీకేమి తెలియునని యెవరైన అనవచ్చును. వెనుకకు తగ్గకుడు. పప్పు ఉడుకుట చూచిన కన్నులకు గాలి యెటు పోవునో తెలియును.