గవాచి

లేపాక్షి అనగానే బయటివారికి గుర్తుకొచ్చేవి వేలాడే స్తంభమూ, ఇరవై ఏడడుగుల పొడవున్న ఏకశిలా నందీ. అక్కడే పుట్టి పెరిగినవాణ్ణి గనుక నాకు ముందుగా గుర్తుకొచ్చేది మా పాత మిద్దె నడిమింటి కప్పులో ఉండిన గవాచి.

గవాచి అంటే తెలియనివారి కోసం రెండు మాటలు. మా వైపు పాత మిద్దెలు చాలావరకు ఒకదానినొకటి ఆనుకొని ఉండేవి. పక్కగోడలు పొరుగువారితో ఉమ్మడి. కిటికీ పెట్టడానికి చోటు తక్కువ. చోటున్నా దొంగల భయం, వడగాలి భయం. కాబట్టి వెలుతురు కప్పులోంచి దిగవలసిందే. దూలాల మీద దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి మట్టి మెత్తి, ఏటా వానలకు ముందు చవుడు పోసేవారు. ఆ కప్పులో అడుగున్నర చదరాన ఒక కంత వదిలేవారు. చుట్టూ జానెడు గట్టు, పక్కనే మూతకొక పలచని బండ. పొగ అందులోంచే పోయేది, వెలుతురు అందులోంచే వచ్చేది, మిద్దె మీద ఎండిన చెనక్కాయలూ అందులోంచే ఇంట్లోకి దిగేవి. చినుకు పడగానే ఎవరో ఒకరు పరుగున నిచ్చెనెక్కి మూత వేయాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది.

గవాక్షమనే సంస్కృత పదానికి ఆవు కన్ను అని అర్థం. అంత పెద్ద నంది ఉన్న ఊళ్లో ఇంటింటికీ ఒక ఆవు కన్ను ఉండేదన్నమాట.

1998లో మిద్దె కూల్చి స్లాబు వేశాము. గవాచి సంగతి ఎవరికీ తోచలేదు. ట్యూబులైటు ఉండగా దానితో పనేమిటనుకున్నాము. నడిమిల్లు పట్టపగలే చీకటైంది. 2022 చివర్లో ఒకనాడు ఉదయం పది గంటలకు కరెంటు పోయినప్పుడు, అమ్మ ఆ గదిలోనే గడప తగిలి పడింది. మణికట్టు విరిగింది. "పగటిపూట పడితినే" అని ఆమె సిగ్గుపడింది. విరిగిన చేతికన్న ఆ సిగ్గే నన్ను ఎక్కువగా బాధించింది.

కప్పు తెరవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఉన్న స్లాబుకు కంత పెట్టడం గోడకు మేకు కొట్టినంత తేలిక కాదు. ఎక్కడ కొట్టాలో ఇంజనీరు చూసి చెప్పవలసిందే. బీములకు దూరంగా ఉండాలి. ప్రధానమైన కమ్మీలు ఏ దిక్కుగా పోతున్నాయో చూసుకొని, కంత పొడవు వాటి వెంబడి ఉండేలా కొడితే తెగే కమ్మీలు తగ్గుతాయి. తెగిన చోట చుట్టూ కొత్త కమ్మీలు కట్టి గట్టు పోయాలి. అద్దం విషయంలోనూ ఒక తేడా ఉంది. టఫెన్డ్ గాజు పగిలితే చిన్న ముక్కలై కింద రాలుతుంది; లామినేటెడ్ గాజు పగిలినా లోపలి పొరకు అంటుకొని నిలుస్తుంది. తల మీద ఉండే అద్దం రెండవ రకమే కావాలి.

ఇవన్నీ జాగ్రత్తగా చేశాను. చేయనిది ఒక్కటే: ఎండను లెక్క కట్టలేదు.

2023 ఏప్రిల్ నాటికి నడిమిల్లు వెలిగిపోయింది, కాలిపోయింది కూడా. లోపల తెర కట్టాను. వేడి అద్దం దాటి వచ్చాక తెరకు చేయగలిగింది కొంచెమే. ఆ తరువాత వాన వచ్చింది. పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లే. కానీ కురిసిన గంట మాత్రం కుమ్మరిస్తుంది. నేను పోయించిన గట్టు రెండంగుళాలే. స్లాబు మీది నీళ్లు చింది, అద్దం అంచున ఎండకు పగిలిన సీలెంటు గుండా ఇంట్లోకి దిగాయి. అమ్మ కింద గిన్నె పెట్టి, తలెత్తి చూసి అంది: "మూత లేని గవాచి యాడన్నా ఉంటాదా నాయనా?"

ఆ మాట పట్టుకొని గుడికి వెళ్లాను. అచ్యుతరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ కట్టించిన ఆలయం అది. రాజు శిక్షకు ముందే తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడని అతని మీద కథ చెబుతారు. ఊరి పేరులోని అక్షి ఆ కళ్లేనని కొందరంటారు. అసంపూర్తిగా ఆగిపోయిన కల్యాణమండపానికి కప్పు లేదు. మధ్యాహ్నం అక్కడ పాదం మోపలేము. నాట్యమండపంలోనో, వెలుతురు పక్కలనుంచి వచ్చి, నేలబండల మీద పడి, పైకప్పు బొమ్మల దాకా మెల్లగా ఎక్కుతుంది. అదే ఊరు, అదే ఎండ, అదే రాయి.

ఇంటికొచ్చి లెక్క వేశాను. లేపాక్షి దాదాపు 13.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివరి వారంలోనూ ఆగస్టు మధ్యలోనూ, సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. ఉత్తరపు వెలుతురులో ఎండ ఉండదన్న చల్లని దేశాల పుస్తకాల సూత్రం మాకు వేసవిలో పనిచేయదు. డిసెంబరులో మాత్రం ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి, కంత కింది నుంచి ఏడెనిమిది అడుగులు ఉత్తరంగా పడుతుంది. అంటే చలికాలానికి తెరవాలి, వేసవికి మూయాలి. మా జేజికి ఈ డిగ్రీలేవీ తెలియవు. బండను ఎంత జరపాలో మాత్రం తెలుసు.

గట్టును తొమ్మిదంగుళాలకు పెంచాము. అద్దాన్ని కాస్త వాలుగా, గట్టు దాటి బయటికి వచ్చేలా అమర్చి, కింద వేడిగాలి పోవడానికి జాలీ వదిలాము. అద్దానికి బయట, జానెడు ఎత్తున, వెదురు చాప ఒకటి; దాన్ని లాగే తాడు గిలక మీదుగా నడిమింట్లోకి దిగుతుంది. ఖర్చులో అన్నిటికన్న తక్కువ ఆ చాపకే అయింది.

2024 ఏప్రిల్ చివర ఊళ్లో ఉన్నాను. పన్నెండుంబావు ప్రాంతంలో వెలుతురు ముక్క సరిగ్గా కంత కిందనే, గడపకు మూరెడు దూరంలో నిలిచింది. అప్పుడే కరెంటు పోయింది. అమ్మ మంచం మీంచి లేచి, ఎవరినీ పిలవకుండా గడప దాటి వచ్చి తాడు అందుకుంది. నేను లేవబోతే వారించింది. చాప సగం దాకా జరిగి ఆగింది. ఆమె తలెత్తి ఒకసారి చూసుకొని, తాడును ఇంకో బెత్తెడు లాగి కొక్కేనికి చుట్టింది.