నార్మల్ అని రాసిచ్చారు

పక్కపక్కన రెండు మెదళ్ల బొమ్మలు. ఒకటి ఎరుపూ పసుపూ, ఇంకోటి నీలం. కింద 'డిప్రెషన్ లేని మెదడు', 'డిప్రెషన్ ఉన్న మెదడు' అని ఉంటుంది. మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. ఇది నిజమైన జబ్బే, కావాలంటే చూసుకోండి అని చెప్పడానికే దాన్ని పంపుతారు. నాకు మాత్రం ఆ బొమ్మంటే భయం. దాన్ని నమ్మిన ఇంట్లో, స్కాన్‌లో ఏమీ కనబడకపోతే జబ్బే లేదని అర్థం.

మా పెద్దమ్మ వాళ్లది డోంగ్లి. కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర పొలిమేర, సగం మాటలు మరాఠీవే. ఏడాదిగా పెద్దమ్మ తెల్లారుజామున మూడింటికే లేచి కూర్చుంటోంది. జొన్నరొట్టె తుంచి పక్కన పెట్టేస్తోంది. సోయా చేనుకు పోవడం మానేసింది. తల బరువంటే నిజామాబాద్ తీసుకెళ్లి ఎమ్మారై తీయించారు. కణితి లాంటిదేదీ లేదని తేల్చుకోడానికి రాసిన పరీక్ష అది, తేల్చింది కూడా. ఇంటికొచ్చాక పెద్దబాపు, "అంత నార్మలే అని రాసిచ్చిండ్రు గద, ఇగ నీకేమైంది?" అన్నాడు. ఆ తర్వాత ఆమె తల బరువని చెప్పడం కూడా మానేసింది.

అసలు స్కాన్‌లో కనబడేది ఎంత? 1996లో అమెరికాలో ఇవెట్ షెలైన్ బృందం, పదేపదే డిప్రెషన్ వచ్చిన వాళ్లలో హిప్పోక్యాంపస్ చిన్నగా ఉందని చూపించింది. జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం అది, సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుంది. అయితే ఆ అధ్యయనంలో రోగులు పదిమందే. 2016లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 1,728 మంది రోగుల స్కాన్లని, 7,199 మంది ఇతరుల స్కాన్లతో పోల్చింది. తేడా నిజమే: సగటున 1.24 శాతం. అదీ ఎక్కువగా జబ్బు మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లలో, చిన్న వయసులోనే మొదలైనవాళ్లలో. మొదటిసారి వచ్చినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఒక పక్క హిప్పోక్యాంపస్ మూడు, నాలుగు ఘన సెంటీమీటర్లుంటుంది. అందులో 1.24 శాతమంటే ఒక నీటిబొట్టంత కూడా కాదు. ఆ పేపర్లో ఇచ్చిన అంకెలతో నేనో చిన్న లెక్క వేశాను (ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బు). ఒక రోగినీ, ఒక ఆరోగ్యవంతుణ్నీ గుడ్డిగా ఎంచుకుంటే, రోగిదే చిన్నగా ఉండే అవకాశం నూటికి 54. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది! వేలమందిని పోగేస్తే కనబడే తేడా, ఒక్క మనిషి ఫిల్ములో రేడియాలజిస్టు కంటికి ఎలా దొరుకుతుంది?

ఎనిగ్మా వాళ్లు వాడిన ఫ్రీసర్ఫర్ ఉచితంగానే దొరుకుతుంది. పెద్దమ్మ స్కాన్ సీడీ నా దగ్గరుంది. కొలవాలనిపించింది, నిజం చెప్పాలంటే పెద్దబాపు ముందు పెట్టడానికి ఒక అంకె కావాలనిపించింది. కానీ దేంతో పోల్చాలి? ప్రపంచమంతా వాడే నమూనా మెదడు మాంట్రియల్‌లో 152 మంది నుంచి తయారైంది. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో భారతీయ మెదడు నమూనా తయారుచేశారు, వందమందితో. చాలా అవసరమైన పని. అయితే వాళ్లంతా ఇరవైల్లో ఉన్న యువతీయువకులు, పెద్దమ్మకి యాభై ఎనిమిది. జబ్బుకి ముందు ఆమె మెదడెలా ఉండేదో చెప్పే స్కాన్ ఎవరి దగ్గరా లేదు.

పోయిన నెల మానసిక వైద్యురాలికి చూపించాం. ఆమె ఎమ్మారై కవరు ఒకసారి చూసి పక్కన పెట్టింది. దేనిమీదా మనసు పోతలేదా, ఎన్నాళ్ల నుంచి, నిద్రెట్లుంది, బతికుండి ఏం లాభం అనిపిస్తదా అని అడుగుతూ పోయింది. పెద్దమ్మ సగం తెలుగులో, సగం మరాఠీలో చాలాసేపు చెప్పింది. చివరి ప్రశ్నకు కూడా. పెద్దబాపు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చాక, "ఫొటో సూడకుంటనే గోలీలు రాసిచ్చింది గదరా" అన్నాడు. నీటిబొట్టు లెక్క చెప్పాను. నమ్మలేదు. గోలీలు మాత్రం రాత్రి అన్నం తిన్నాక తనే తీసిస్తున్నాడు.